ఎడమచేతి వాటం నాది, తిమ్మిరి మాత్రం కుడిచేతికి. ఎందుకు?

కుట్టుపని_గుంటూరు
నాకు 38 ఏళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, పద్నాలుగేళ్లుగా ఇదే పని. పుట్టుకతో ఎడమచేతి వాటం. మూడు నెలల నుంచి కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. రాత్రి రెండు గంటలప్పుడు సూదులతో పొడిచినట్టయి మెలకువ వస్తుంది. లేచి చెయ్యి విదిలించుకుంటే కాసేపటికి తగ్గుతుంది. ఈమధ్య హుక్కు కుట్టేటప్పుడు సూది వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో కూడా తెలియడం లేదు.

మా అత్తయ్య ఏమంటారంటే, చిన్నప్పటి నుంచి అన్నీ పుర్రచేత్తో చేశాను కాబట్టి పని లేక కుడిచేతి నరాలు చచ్చుబడ్డాయట. ఇప్పుడైనా కుడిచెయ్యి ఎక్కువ వాడితే నరాలు కదులుతాయట. నెల రోజులు ఆవిడ చెప్పినట్టే చేశాను, ఇంకా ఎక్కువైంది. మా పాపది కూడా ఎడమ వాటమే, రెండో తరగతి. ఇప్పుడే మాన్పించకపోతే దానికీ ఇదే గతి అంటున్నారు. నా చెయ్యి కంటే ఆ మాటే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. ఎడమ వాటం వాళ్లకు కుడిచేతి నరాలు నిజంగానే బలహీనంగా ఉంటాయా?

బుల్లెట్_బాబు
ఉండవు. నాదీ ఎడమ వాటమే, 45 వచ్చాయి, రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయి.

పాలమూరు_రైతుబిడ్డ
అంత తేలిగ్గా కొట్టిపారెయ్యలేం బాబూ. చెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నవాళ్లను చూడండి, నెలన్నర తర్వాత విప్పితే ఆ చెయ్యి పుల్లలా అయిపోతుంది. వాడని చెయ్యి చిక్కిపోతుందనడంలో తప్పేముంది? దాపటి ఎద్దును తెచ్చి వలపట కడితే అరక సరిగ్గా సాగదు, మా నాన్న ఎప్పుడూ అనేవారు.

నరాలపరీక్ష_టెక్నీషియన్
పదకొండేళ్లుగా నరాల పరీక్షలు చేసే ల్యాబ్‌లో ఉన్నాను. నేను డాక్టర్ని కాను, రోజూ చూసేది చెబుతున్నాను.

రైతుబిడ్డ గారూ, కట్టు విప్పినప్పుడు చిక్కిపోయి కనిపించేది కండ. నరం అలా ఎండిపోదు. ఏ చేతి వాటం అన్నది మెదడులో తేలే సంగతి. కుడిచేతిని నడిపేది మెదడు ఎడమ సగం, ఎడమచేతిని నడిపేది కుడి సగం. పైనుంచి వచ్చే దారులు మెదడు అడుగున, వెన్నుపాములోకి దిగే చోట, అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. అక్కడి నుంచి కిందికి రెండు చేతులకూ ఒకే రకం తీగలు. ఎడమ వాటం వాళ్లకు కుడిచేతిలో నాసి రకం నరాలేమీ ఉండవు.

మేం చేసే పరీక్షలో చేతిమీద చిన్న కరెంటు షాక్ ఇచ్చి, ఆ సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలుస్తాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మోచేతి నుంచి మణికట్టు దాకా సెకనుకు సుమారు 50 నుంచి 60 మీటర్లు. వాటం చేతికీ రెండో చేతికీ తేడా కనిపించినా చాలా స్వల్పం. అందుకే ఒక చేతి మీద అనుమానం వస్తే రెండో చేతితో పోల్చి చూడగలుగుతున్నాం. దానికంటే చలి పెద్ద తేడా తెస్తుంది. చెయ్యి ఒక్క డిగ్రీ చల్లబడితే వేగం సెకనుకు 2 మీటర్ల దాకా పడిపోతుంది. ఏసీ బస్సు దిగి నేరుగా వచ్చినవాళ్ల చేతులు ముందు వెచ్చబెట్టి, చర్మం 32 డిగ్రీలకు వచ్చాకే మొదలుపెడతాం.

అమ్మా, మీరు ఒక్క సంగతి చూసి చెప్పండి. తిమ్మిరి ఏ వేళ్లకు? చిటికెన వేలికి ఉందా?

కుట్టుపని_గుంటూరు
బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. చిటికెన వేలు బాగానే ఉంది. ఉంగరపు వేలు మాత్రం విచిత్రంగా ఉంది. సూదితో తాకి చూశాను. మధ్యవేలి వైపు మొద్దుగా ఉంది, చిటికెన వేలి వైపు మామూలుగా తెలుస్తోంది. ఒకే వేలు సగం సగం ఎలా అవుతుందండీ?

నరాలపరీక్ష_టెక్నీషియన్
ఆ సగం వేలే అసలు ఆధారం. ఉంగరపు వేలు రెండు నరాల పొలిమేర. బొటనవేలి నుంచి ఉంగరపు వేలి సగం దాకా స్పర్శ తెచ్చేది మీడియన్ నరం. మిగతా సగం, చిటికెన వేలు అల్నార్ నరానివి. మీడియన్ నరం మణికట్టు దగ్గర ఒక ఇరుకు సొరంగంలోంచి వస్తుంది. అడుగున ఎముకలు, పైన గట్టి పట్టీ. అందులోనే వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి, కూడా దూరి ఉంటాయి. అవి కాస్త వాచినా నలిగేది నరమే. నిద్రలో మణికట్టు వంగిపోతే ఇరుకు ఇంకా పెరుగుతుంది, అందుకే రాత్రిపూట లేపుతుంది. లేచి విదిలిస్తే తగ్గుతుందన్నారు చూడండి, మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సరిగ్గా అలాగే చేసి చూపిస్తారు. కార్పల్ టన్నెల్ అంటారు దీన్ని. మీది అదేనని పరీక్ష చెయ్యకుండా అనలేను.

విశాఖ_కెరటం
నాకు దీనికి తలకిందులు. చిటికెన వేలు, ఉంగరపు వేలు బయటి సగం. మంచం మీద మోచెయ్యి మడిచి గంటలు గంటలు ఫోన్ చూసేదాన్ని. మోచెయ్యి గోడకు తగిలితే ఝుమ్మంటుంది చూడండి, అక్కడ ఆ నరం ఎముక వెనక పైపైనే పోతుందట. చెయ్యి మడిచి పడుకోవడం మానేస్తే నెలలో తగ్గింది. ఫోన్ ఎడమచేత్తో పట్టుకుంటాను కాబట్టి నాకు వచ్చింది ఎడమకే. నాది కుడి వాటం.

గోదారి_గట్టు
నా ఎడమచేతి మీద నరాలు ఉబ్బి పచ్చగా కనిపిస్తాయి, కుడిచేతికి అంతగా ఉండవు. నాదీ ఎడమ వాటమే. అంటే వాటం చేతికి నరాలు పెద్దవని కాదా?

నరాలపరీక్ష_టెక్నీషియన్
అవి రక్తం తిరిగి గుండెకు వెళ్లే సిరలు. మన భాషలో రెంటినీ నరాలే అనడంతో వస్తున్న చిక్కు ఇది. ఇక్కడ మాట్లాడుకుంటున్న నరం లోపల తెల్లని దారంలా ఉంటుంది, పైకి కనిపించదు.

నాటుమందు_వద్దు
మెడికల్ షాపులో నరాల బలానికి ఇంజెక్షన్లు దొరుకుతాయి, పది వేయించుకుంటే సరి. మా పిన్నికి తగ్గింది.

మందులషాపు_అన్న
షాపు నాదే, నేనే చెబుతున్నాను, వద్దు. బీ12 తక్కువై తిమ్మిర్లు వచ్చినవాళ్లకు అవి పనిచేస్తాయి. వాళ్లకు సాధారణంగా రెండు పాదాలూ, రెండు చేతులూ కలిసి మొద్దుబారతాయి. ఒక్క చేతిలో మూడున్నర వేళ్లు అంటున్నారు ఈవిడ. ఇంకో సంగతి, నరాల బిళ్లల్లో ఉండే బీ6 ఎక్కువ డోసులో నెలల తరబడి వాడితే అదే నరాలను పాడుచేస్తుంది. ఏళ్ల తరబడి సొంతంగా కొనుక్కుపోయేవాళ్లను చూస్తే భయమేస్తుంది.

షుగర్_15ఏళ్లు
అన్న చెప్పింది నిజం. షుగర్ తిమ్మిరి నాకు ముందు కాళ్లకే వచ్చింది, రెండు కాళ్లకూ ఒకేలా, మేజోళ్లు వేసుకున్నట్టు. ఏ వాటం అన్నది దానికి పట్టలేదు. అయినా అమ్మాయీ, షుగర్ పరీక్ష ఒకసారి చేయించుకో. షుగర్ ఉన్నవాళ్లకు ఈ మణికట్టు బాధ కూడా తొందరగా వస్తుందని మా డాక్టరు చెప్పారు.

డల్లాస్_తెలుగబ్బాయి
అందరూ మణికట్టు మీదే పడ్డారు. నాకూ బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరే, మణికట్టు బెల్టు పెట్టుకుని నాలుగు నెలలు పోగొట్టుకున్నాను. చివరికి ఎమ్మారైలో తేలింది, మెడలో డిస్కు నరాన్ని నొక్కుతోందని. మెడ తిప్పితే భుజం మీదుగా కిందికి లాగినట్టు ఉంటుందా అని చూసుకోండి.

నరాలపరీక్ష_టెక్నీషియన్
డల్లాస్ గారి అనుమానం న్యాయమైనదే. మెడ నుంచి కూడా ఈ వేళ్లకే రావచ్చు. రాత్రి లేపడం, విదిలిస్తే తగ్గడం మణికట్టు వైపు చూపిస్తాయి. పరీక్షలో రెండూ చూస్తారు.

పీహెచ్‌సీ_నర్సమ్మ
ఒక మాట చెప్పి పోతాను, సిగ్గుపడి ఎవరూ అడగరు కాబట్టి. చేతిమీద రంగు తగ్గి, స్పర్శ తెలియని మచ్చ ఏదైనా ఉందా? మోచేతి వెనక నరం తాడులా లావుగా చేతికి తగులుతోందా? కుష్ఠు నరాలనే పట్టుకుంటుంది, ఎక్కువగా మోచేతి దగ్గరి ఆ అల్నార్ నరాన్నే. తొందరగా వస్తే వేళ్లు వంకరపోకుండా ఆపొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. ఈవిడకు అదని అనడం లేదు, చదివే వాళ్లలో ఎవరికైనా ఉండొచ్చు.

కుట్టుపని_గుంటూరు
మచ్చలేమీ లేవు నర్సమ్మా, చూసుకున్నాను. మెడ నొప్పి కూడా లేదు.

రిటైర్డ్_మాష్టారు
మొదటి పోస్టు చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు. ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేశాను. ఎడమచేత్తో బలపం పట్టిన పిల్లల వేళ్ల మీద బెత్తంతో కొట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. అది వాళ్ల మంచికేనని నిజంగా నమ్మాను. ఆ పిల్లల్లో ఒక అమ్మాయి తర్వాత అక్షరాలు వణుకుతూ రాసేది, ఇప్పటికీ కళ్ల ముందు మెదులుతుంది.

నువ్వు ఏ చేత్తో రాస్తావమ్మా? కొంచెం విడమరిచి చెప్పు, ఏ పనికి ఏ చెయ్యి.

కుట్టుపని_గుంటూరు
ఎప్పుడూ ఇలా లెక్క వేసుకోలేదు మాష్టారూ. ఎడమచెయ్యి: చీపురు, గరిట, బిందె, పళ్లు తోముకోవడం, తాళం తియ్యడం, పిల్లలకు తల దువ్వడం. కుడిచెయ్యి: తినడం, రాయడం (బళ్లో మాన్పించారు), కత్తెర, మిషను చక్రం, సూది. పిన్ని పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్నాను, ఆవిడ ఏ చేత్తో చేస్తే అదే చేశాను. కత్తెర ఎడమచేత్తో పట్టి చూశాను గానీ గుడ్డ తెగకుండా మడత పడేది.

సిరిసిల్ల_మగ్గం
అక్కా, మీరు రాసింది మీరే ఇంకోసారి చదవండి. కడుపు నింపే పనంతా కుడిచేతిదే. రోజుకు ఎన్ని జాకెట్లు కత్తిరిస్తారు?

కుట్టుపని_గుంటూరు
మామూలుగా ఆరేడు. శ్రావణమాసం, పెళ్లిళ్ల రోజుల్లో పదిహేను దాకా. లైనింగుతో కలిపి రెండు మూడు మడతలు ఒకేసారి కత్తిరిస్తాను.

సిరిసిల్ల_మగ్గం
ఇంకేం. ఆ చెయ్యి పని లేక మూలపడిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పని మోయలేక నలిగింది.

లెఫ్టీ_కటింగ్‌మాస్టర్
కత్తెర సంగతి నేను చెబుతాను, నేనూ ఎడమ వాటం దర్జీనే. మామూలు కత్తెర కుడిచేతి కోసం చేసింది. కుడి బొటనవేలు నొక్కినప్పుడు రెండు అంచులూ ఒకదానికొకటి ఒరుసుకునేలా బిగిస్తారు. అదే ఎడమచేత్తో పట్టుకుంటే మనం నొక్కే తీరుకు అంచులు విడిపోతాయి, గుడ్డ మధ్యలోకి దూరి మడత పడుతుంది. దాన్ని తెంపాలని ఇంకా గట్టిగా నొక్కుతాం. పైగా పై అంచు అడ్డమొచ్చి సుద్ద గీత కనపడదు. అందుకే మనలాంటివాళ్లు కుడిచేతికి మారిపోతారు. ఎడమచేతి కత్తెరలు విడిగా ఉంటాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నాకు అలవాటు పడటానికి మూడు వారాలు పట్టింది, రెండు జాకెట్ గుడ్డలు పాడయ్యాయి.

బుల్లెట్_బాబు
ఆగండాగండి. పైన రెండు చేతులూ శుభ్రంగా ఉన్నాయని రాశాను, ఇప్పుడు గుర్తొస్తోంది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం బండి మీద వెళ్లిన ప్రతిసారీ దిగేసరికి కుడి అరచెయ్యి మొద్దుబారి ఉంటుంది. ఎడమచెయ్యి ఏమీ కాదు.

విశాఖ_కెరటం
ఏక్సిలరేటర్ అందరికీ కుడివైపే కదా బాబుగారూ. గంటలకొద్దీ మణికట్టు వెనక్కి వంచి పట్టుకుంటారు, పైగా ఆ బండి అదురు. ఘాట్ రోడ్డులో రెండుసార్లు ఆగి టీ తాగండి, చేతికీ మంచిది, వెనక కూర్చున్నవాళ్లకూ మంచిది.

వీణ_నేర్చుకుంటున్నా
నాది అసలు సిసలు కుడి వాటం, తిమ్మిరి వచ్చేది ఎడమచేతికి. వీణలో మెట్ల మీద తీగ నొక్కి గమకం లాగేది ఎడమచెయ్యే. కచేరీ ముందు నెలలో రోజుకు నాలుగైదు గంటలు సాధన చేశాను, చూపుడువేలు, మధ్యవేలు పట్టేశాయి. మీ కథకు నాది అద్దం లాంటిది.

ఫిజియో_మధు
గణాంకాల్లో కార్పల్ టన్నెల్ వాటం చేతికి ఎక్కువగా వస్తుందని రాసి ఉంటుంది, అది నిజం. కారణం ఆ చెయ్యి ఎక్కువ పని చెయ్యడమే. చాలామందికి రెండో చేతికి కూడా ఎంతో కొంత ఉంటుంది. మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు, థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు కూడా వస్తుంది.

పిడికిలి బలం గురించి ఒక మాట. కుడి వాటం వాళ్లకు కుడి పట్టు ఎడమ కంటే పది శాతం దాకా ఎక్కువని మామూలు లెక్క. ఎడమ వాటం వాళ్లలో రెండు చేతుల పట్టూ దాదాపు సమానంగా వస్తుంది. తలుపు గొళ్లెం దగ్గర నుంచి కత్తెర దాకా లోకమంతా కుడివైపుకే చేసి ఉంది కాబట్టి వాళ్ల కుడిచేతికి ఖాళీ దొరకదు.

పాలమూరు_రైతుబిడ్డ
ఈ లెక్క బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే పాప సంగతి? నోట్లో వేలు పెట్టుకునే వయసులోనే మారిస్తే మారుతుందేమో కదా.

డల్లాస్_తెలుగబ్బాయి
అంతకంటే ముందే తేలిపోతుంది. కడుపులో ఉన్న బిడ్డలు ఏ బొటనవేలు చీకుతున్నారో స్కానింగులో చూసి, పదేళ్లు దాటాక అదే పిల్లలను మళ్లీ కలిశారు బెల్‌ఫాస్ట్ పరిశోధకులు. 2005లో వచ్చింది. కుడి బొటనవేలు చీకిన 60 మందీ కుడి వాటమే అయ్యారు. ఎడమది చీకిన 15 మందిలో పదిమంది ఎడమ వాటం, అయిదుగురు కుడి. ఇంకో సంగతి, చిన్నప్పుడు బలవంతంగా కుడికి మార్చినవాళ్లు పెద్దయ్యాక కుడిచేత్తో రాస్తుండగా మెదడు స్కాన్ చేస్తే, ఎడమ వాటం వాళ్లలో పనిచేసే కుడి మెదడు భాగాలు అప్పటికీ పనిచేస్తూ కనిపించాయి. చెయ్యి మారింది, వాటం పోలేదు.

గోదారి_గట్టు
సచిన్ రాసేది ఎడమచేత్తో, బ్యాట్ కుడిచేత్తో. గంగూలీ బ్యాటింగ్ ఎడమ, మిగతావి కుడి. ఇద్దరూ ఓపెనింగుకు వస్తే ఎవరిది ఏ వాటమో అంపైర్ కూడా చెప్పలేడు.

పెద్దింటి_కోడలు
రాత సరే. పేరంటంలో తాంబూలం ఎడమచేత్తో ఇస్తే ఎవరైనా ఏమనుకుంటారు? అన్నం, ప్రసాదం వరకైనా కుడి నేర్పాలి కదా.

రిటైర్డ్_మాష్టారు
అన్నం, తాంబూలం కుడిచేత్తో అని ముద్దుగా చెబితే పిల్లలు నేర్చుకుంటారు, అభ్యంతరం లేదు. పెన్సిల్ జోలికి మాత్రం పోవద్దు. గాంధీగారు 1909లో ఓడ మీద హింద్ స్వరాజ్ రాస్తూ, కుడిచెయ్యి అలిసిపోతే ఎడమచేత్తో రాశారు. ఆ చేతిరాత ప్రతి 275 పేజీల్లో 40 పేజీలు ఎడమచేతివే. ఆ పుస్తకం గొప్పదనం గురించి పిల్లలకు చెప్పాను. అదే చేత్తో ఎడమ వాటం పిల్లల్ని కొట్టాను. పాప నోటుపుస్తకం కొంచెం ఎడమవైపుకు జరిపి, పై అంచు కుడివైపుకు వాలేలా పెట్టమను తల్లీ, రాసింది చెరిగిపోదు, మణికట్టు వంకర తిప్పక్కర్లేదు. బెంచీ మీద ఎడమ చివర కూర్చోబెట్టమని టీచరును అడుగు, పక్కపిల్ల మోచెయ్యి తగలకుండా.

కుట్టుపని_గుంటూరు
మాష్టారూ, మీ మాట చదివి ఏడుపొచ్చింది. మమ్మల్ని కొట్టిన మాష్టార్లలో ఒక్కరైనా ఇలా అంటారని అనుకోలేదు. పుస్తకం అలా పెట్టించాను, మొదటి రోజే బాగుందంది. శుక్రవారం పరీక్షకు వెళ్తున్నాను.

కుట్టుపని_గుంటూరు
పరీక్ష అయింది. షాక్ చురుక్కుమంది గానీ భయపడినంత లేదు. రిపోర్టులో ఉన్నది రాస్తున్నాను. మీడియన్ నరం, మణికట్టు దగ్గర ఆలస్యం: కుడి 5.8 మిల్లీసెకన్లు, ఎడమ 3.9. మోచేతి నుంచి మణికట్టు వేగం: కుడి 55, ఎడమ 56. డాక్టరు గారు కార్పల్ టన్నెల్, మధ్యస్థం అన్నారు. రాత్రిళ్లు బెల్టు ఆరు వారాలు, కటింగు తగ్గించాలి, థైరాయిడ్, షుగర్ పరీక్షలు. బొటనవేలి మొదట్లో కండ బాగానే ఉంది కాబట్టి ఇప్పుడే ఆపరేషన్ అవసరం లేదట. ఈ 55, 56 ఏమిటో అడగడం మర్చిపోయాను.

నరాలపరీక్ష_టెక్నీషియన్
మీరు మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ రెండు అంకెల్లోనే ఉంది. మోచేతి నుంచి మణికట్టు దాకా మీ కుడి నరం, ఎడమ నరం ఒకే వేగంతో పోతున్నాయి. పుర్రచేతి వాటం వల్ల కుడి నరం చచ్చుబడి ఉంటే అక్కడా వేగం పడిపోవాలి. పడలేదు. సొరంగం దాటేటప్పుడు మాత్రమే ఆలస్యమవుతోంది. మా ల్యాబ్‌లో అక్కడ 4.4 దాటితే ఎక్కువ కింద లెక్క, మీకు 5.8. దారి బాగుంది, గేటు దగ్గర ఇరుకు.

లెఫ్టీ_కటింగ్‌మాస్టర్
కత్తెర పంపించనా? నా దగ్గర పాతది ఒకటి ఉంది, సాన పట్టించాను.

కుట్టుపని_గుంటూరు
పంపండి అన్నయ్యా, డబ్బు తీసుకుంటేనే.

నిన్న రాత్రి అత్తయ్యకు రిపోర్టు చదివి వినిపించాను. గేటు దగ్గర ఇరుకు అని చెప్పాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి చెయ్యి చాపి, "నాకూ ఈ వేళ్లేనే, ఏడెనిమిదేళ్లుగా" అన్నారు. ఆవిడది కుడి వాటం. ఇరవై ఏళ్లు మిరప కోతలకు వెళ్లారు. ఇప్పుడు కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటారు, వయసు వల్ల అనుకున్నాం. దీపం దగ్గర చూస్తే కుడి బొటనవేలి మొదట్లో కండ లేదు, పల్లంగా ఉంది. ఇన్నాళ్లూ నాకు ఒక్క మాట చెప్పలేదు.

నరాలపరీక్ష_టెక్నీషియన్
ముందు ఆవిడను తీసుకెళ్లండి. మీకు ఆరు వారాలు ఆగే వీలుంది, ఆవిడకు లేదు. కండ తగ్గిందంటే బెల్టుతో సరిపోకపోవచ్చు, ఆపరేషన్ మాట రావచ్చు. ఆ చేతికి మాత్రమే మత్తిచ్చి, పైనున్న పట్టీ కోసి ఇరుకు వదులు చేస్తారు. చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. అంత కండ మళ్లీ రాకపోయినా రాత్రి బాధ చాలావరకు పోతుంది. షుగర్ ఉందా ఆవిడకు?

కుట్టుపని_గుంటూరు
ఉంది, మాత్రలు వాడుతున్నారు. సోమవారం టోకెన్ తీసుకున్నాను. మొదట రానన్నారు, పాప చెయ్యి పట్టుకుని "నాయనమ్మా నేనూ వస్తా" అంటే సరేనన్నారు.

షుగర్_15ఏళ్లు
పాత షుగర్ రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లమ్మా, అడుగుతారు.